ఇంటి జ్ఞాపకానికి ఊరి చరిత్రలో చోటు వెతకడం

వంతెన కట్టడం తాతగారికి కళ్లకు కట్టినట్టు గుర్తుంటుంది. ఏ ఏడో గుర్తుండదు. అందుకే పెద్దవాళ్లను ముందుగానే సంవత్సరం అడక్కండి. మొహమాటానికి ఏదో అంకె చెబుతారు, ఇక ఇంట్లో అదే నిజమై కూర్చుంటుంది. దానికి బదులు చుట్టుపక్కల సంగతులు అడగండి: అప్పటికి మీ పెళ్లయిందా? వీధికి కరెంటు వచ్చిందా? మీరు ఏ క్లాసు? "కరెంటు వచ్చాక, పెద్దబ్బాయి పుట్టకముందు" అని తేలితే రెండు మూడేళ్ల సందు మిగులుతుంది. వెతుకులాట ఆ సందులోనే.

ఒక విడతకు గంట, గంటన్నర చాలు. ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, మనిషికి మూరెడు దూరంలో ఉంచి రికార్డు చేయండి. తేదీ, చోటు, ఎవరెవరు ఉన్నారో మొదట్లోనే పలకండి. వీలైతే శబ్దాన్ని కుదించకుండా దాచే డబ్ల్యూఏవీ ఫైలుగా ఉంచి, అసలు ఫైలును కత్తిరించకుండా ఉంచండి. ఒక తెల్లకాగితం ఇచ్చి పాత వీధి గీయమనండి. ఈ చివరి నుంచి ఆ చివరికి ఒక్కో ఇంటినీ దాటుతుంటే, ప్రశ్నలకు రాని పేర్లు వాటంతటవే వస్తాయి.

ఆకాశపు గుర్తులతో జాగ్రత్త. "తోకచుక్క ఏట పుట్టింది" అంటే 1910 అనుకోవచ్చు. కానీ ఆ జనవరిలో పట్టపగలే కనిపించిన తోకచుక్క వేరు, ఏప్రిల్, మే నెలల హేలీ తోకచుక్క వేరు. ఇళ్లలో చెప్పుకునే కథల్లో రెండూ ఒకటైపోతాయి.

ఫొటోలను ముందూ వెనకా రెండు వైపులా 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేయండి. వెనక రాసిన తేదీ మళ్లీ ప్రింటు వేయించిన రోజుది కావచ్చు. మనుషుల ముఖాలకన్నా వెనకున్న దుకాణం బోర్డు, దీపస్తంభం ఎక్కువ చెబుతాయి.

ఇక కాగితాలు. వంతెన మంజూరు తీర్మానం, పని మొదలు, ప్రారంభోత్సవం మధ్య ఏళ్లు గడుస్తాయి. రికార్డులో దొరికింది వీటిలో ఏ తేదీయో చూడండి. ఊరి పత్రిక వారపత్రికైతే సంఘటన జరిగిన తర్వాతి రెండు సంచికలూ తిరగేయాలి. స్కూలు రిజిస్టరులోని పుట్టినతేదీ చేర్పించడానికి సవరించింది కావచ్చు. అందరూ బోల్తా పడేది ఇంటి నంబర్ల దగ్గర: నంబర్లు మార్చాక అదే అంకె మరో ఇంటికి వెళుతుంది. పాత మ్యాపుతో సరిచూడకుండా నమ్మొద్దు.

జ్ఞాపకమూ కాగితమూ పొసగకపోతే జ్ఞాపకాన్ని కొట్టేయకండి. ఇటలీలోని టెర్నిలో లుయీజి ట్రస్తుల్లి అనే ఉక్కు కార్మికుడు 1949 మార్చి 17న, నాటో సైనిక కూటమికి వ్యతిరేకంగా జరిగిన నిరసనలో పోలీసుల చేతిలో చనిపోయాడు. చాలామంది కార్మికులు మాత్రం దాన్ని 1953లో, ఉద్యోగాల తొలగింపుపై జరిగిన వీధి ఘర్షణల నాటి సంగతిగా చెప్పేవారు. తేదీ తప్పే, కానీ ఆ ఊరికి ఏ దెబ్బ గట్టిగా తగిలిందో ఆ తప్పే చూపిస్తోంది.

అందుకే నోట్‌బుక్‌లో మూడు గళ్లు గీయండి: వాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే, కాగితంలో ఉన్నది పేజీ నంబరుతో, మీ ఊహ కారణంతో. మూడో గడి పెన్సిలుతో రాయండి.