తూకం చూసి తిండి మార్చడం ఎలా మానానంటే

జిల్లా స్థాయి బాడీబిల్డింగ్ పోటీ కోసం 14 వారాల డైట్ మొదలుపెడితే, నన్ను దెబ్బతీసింది ఆకలి కాదు, తూకం మిషన్.

నిన్న 78.2 ఉన్నది ఇవాళ 79.1 కనిపిస్తే గుండె జారిపోయేది. ఆ రోజు అన్నం సగానికి తగ్గించేవాణ్ణి. రాత్రి పదింటికి వంటింట్లో నిలబడి, గిన్నెలోనే ముద్దపప్పు, ఆవకాయ కలుపుకుని తినేసేవాణ్ణి. ఆ ఉప్పుకి ఒంట్లో నీరు చేరి మర్నాడు తూకం ఇంకా పెరిగేది. మూడు వారాలు ఇదే వరస.

జిమ్‌లో సీనియర్ అన్న నా నోట్‌బుక్ చూసి, "ఒక్క రోజు అంకెతో నిర్ణయం తీసుకోకు తమ్ముడూ, వారం సగటు చూడు" అన్నాడు. కండరాల్లో ఒక గ్రాము గ్లైకోజెన్ (తిన్న పిండిపదార్థాన్ని ఒళ్లు దాచుకునే రూపం) నిలవైతే దాంతోపాటు సుమారు 3 గ్రాముల నీరు చేరుతుంది. రాత్రికి రాత్రి పెరిగిన ఆ కిలో బరువు, కొవ్వు కాదు. ఇది అర్థమయ్యాకే టెన్షన్ తగ్గింది.

ఇప్పుడు లేచి బాత్రూంకి వెళ్లొచ్చాక, నీళ్లు తాగకముందు తూచుకుని రాసుకుంటాను. ఆదివారం ఏడు అంకెలూ కూడి ఏడుతో భాగిస్తాను. రెండు వారాలు సగటు కదలకపోతేనే అన్నం 50 గ్రాములు తగ్గిస్తాను. ఆవకాయ మానలేదు. మధ్యాహ్నానికి మార్చి, రోజూ ఒకే చెంచాకి కట్టుబడ్డాను.

రాత్రి పదింటికి వంటింటికి బదులు అద్దం ముందు నిలబడతాను. పోటీలో చూపించే ఫ్రంట్ డబుల్ బైసెప్స్ పోజు (ఎదురుగా నిలబడి రెండు చేతులూ మడిచి కండలు బిగించడం) 20 సెకన్లు, ఊపిరి మాత్రం బిగబట్టకుండా. తొడలు వణుకుతాయి, చెమట కారుతుంది. పది నిమిషాలయ్యాక నేరుగా పడకే.

తర్వాతి మూడు వారాల సగటు: 78.4, 77.9, 77.3.