వెండిలో నిశ్చితార్థపు ఉంగరం: కొనేముందు ఏం చూడాలి

వెండి ఉంగరం అనగానే నల్లబడుతుందేమోనని భయపడతారు. నలుపు పెద్ద సమస్యేం కాదు, మెరుగు గుడ్డతో నాలుగుసార్లు రుద్దితే పోతుంది. ఇబ్బందంతా వెండి మెత్తదనంతోనే. రోజూ వేలికుంటే గీతలు పడుతుంది, వంగుతుంది, రాయిని పట్టుకున్న కొక్కేలు విచ్చుకుంటాయి. అందుకే డిజైన్ ఎంచుకోవడంలోనే జాగ్రత్త పడాలి.

మేలిమి వెండి, అంటే 999, రోజువారీ ఉంగరానికి మరీ మెత్తన. లోపలివైపు 925 ముద్ర ఉన్నది తీసుకోండి. వెయ్యి పాళ్లలో 925 వెండి, మిగతాది సాధారణంగా రాగి. గట్టిదనం ఇచ్చేది ఆ రాగే, నలుపును త్వరగా రప్పించేదీ అదే. జెర్మేనియం కలిపిన ఆర్జెంటియం రకం దొరికితే ఇంకా మంచిది, చాలా నిదానంగా నల్లబడుతుంది. జర్మన్ సిల్వర్‌లో అసలు వెండే ఉండదు. అది రాగి, నికెల్, జింకుల మిశ్రమం. నికెల్ పడనివాళ్లకు వేలి చుట్టూ దద్దుర్లు లేస్తాయి.

అరచేతివైపు భాగం 1.8 మిల్లీమీటర్లకు తగ్గకుండా మందం, కనీసం 2 మిల్లీమీటర్ల వెడల్పు ఉండాలి. కాలిపర్‌తో కొలిపించండి. బరువు తగ్గించడానికి లోపల గుల్లగా తవ్విన ఉంగరాలు వద్దు, సంచీ పిడి బిగించి పట్టుకున్నా చాలు, సొట్టపోతాయి.

రాయికి చుట్టూ అంచు కట్టే బెజెల్ పొదుగు అన్నిటికన్నా భద్రం. నాలుగు సన్నటి కొక్కేల మీద ఎత్తుగా నిలబడే రాయి చూడముచ్చటగానే ఉంటుంది గానీ, ఒక్క కొక్కెం స్వెటర్ దారానికి తగులుకుని లేచిందంటే రాయి జారిపోవచ్చు. కొక్కేలే కావాలంటే ఆరు, అవీ లావుగా ఉండాలి. లేదా రాయిని పట్టుకునే గూడు వరకు తెల్ల బంగారంతో చేయించి వెండికి అతికించుకోవచ్చు. ఆర్నెల్లకోసారి ఉంగరాన్ని చెవి దగ్గర పెట్టుకుని గోటితో తట్టి చూడండి. టిక్కుటిక్కుమంటే రాయి వదులైనట్టే.

సైజు మొదటే సరిగ్గా తీసుకోవాలి. లోహాలన్నిటిలోకీ వేడిని బాగా పాకించేది వెండి. తర్వాత సైజు మార్చడానికి వెనకవైపు కోసి టంకం పెడితే ముందున్న రాయి దాకా కాలుతుంది. ముత్యం, ఓపల్, పచ్చ ఉంటే ముందే తీయాల్సిందే. వేలి చుట్టూ రాళ్లు పొదిగిన ఉంగరాన్ని సైజు మార్చడం దాదాపు కుదరదు. వేళ్లు చల్లగా ఉన్నప్పుడు కొలిస్తే చిన్న సైజు వస్తుంది, ఆ పొరపాటు చేయకండి.

రోడియం అనే తెల్లటి గట్టి లోహపు పూత నలుపును ఆపుతుంది. కానీ అరచేతివైపు ముందుగా అరిగిపోతుంది, మళ్లీ వేయించాలి. పూత కింద నికెల్ పొర ఉందేమో అడగండి.

కడగడానికి గోరువెచ్చని నీళ్లు, రెండు చుక్కల గిన్నెల సబ్బు, మెత్తటి బ్రష్ చాలు. టూత్‌పేస్ట్ గీతలు పెడుతుంది. బ్లీచ్, ఈతకొలను నీళ్లు తగలనివ్వద్దు. రబ్బర్‌ బ్యాండు చుట్టి దాచకండి, అందులోని గంధకమే నల్లబరుస్తుంది.

పెళ్లి ఉంగరం పక్కనే వేసుకునే ఆలోచన ఉంటే దాన్ని కూడా వెండిలోనే చేయించండి. తెల్ల బంగారం పక్కన రాసుకుంటే అరిగేది వెండే.