గ్రూపులో ఉన్నా ఫోల్డర్ కనిపించకపోతే

'అన్నా, కొనుగోళ్ల ఫోల్డర్ కనిపిస్తలేదు.' యాసంగి వడ్లు మిల్లులకు దిగడం మొదలయ్యాక నాకు వచ్చే ఫోన్లలో సగం ఇవే. మిర్యాలగూడ వైపు నాలుగు రైస్ మిల్లులకు కలిపి ఒక మెయిల్ సర్వర్ ఉంది, నల్లగొండలో కూర్చుని దాన్ని నేనే చూస్తాను. డవ్‌కాట్ అనే మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్ మీద నడుస్తుంది. ఫోల్డర్ల అనుమతులు మనిషి మనిషికీ కాకుండా గ్రూపులకు ఇచ్చాను: గుమస్తాలు ఒక గ్రూపు, లెక్కలవాళ్లు ఇంకో గ్రూపు.

ఫోన్ రాగానే సర్వర్ తెరవను. 'అసలే కనిపిస్తలేదా, కనిపించి తెరుచుకుంటలేదా?' అని అడుగుతాను. అసలే కనిపించకపోతే 'లుకప్' హక్కు లేనట్టు. పేరు కనిపించి లోపలి మెయిళ్లు రాకపోతే 'రీడ్' లేనట్టు. చదివిన మెయిల్ మళ్లీ చదవనట్టే బోల్డుగా మారుతుంటే 'సీన్' హక్కు మరిచిపోయినట్టు. ఈ ఒక్క ప్రశ్నతో చాలాసార్లు సగం పని తీరిపోతుంది.

ఒకసారి హాలియా గుమస్తా ఒకరి విషయంలో మాత్రం గంటన్నర పోగొట్టుకున్నాను. కొత్తగా చేరిన అబ్బాయి కదా అని యూజర్‌మాడ్ కమాండ్‌తో సర్వర్‌లోని లైనక్స్ గ్రూపులో చేర్చి, అయిపోయిందనుకున్నాను. కాలేదు. లైనక్స్ గ్రూపులను డవ్‌కాట్ తనంతట తాను పట్టించుకోదు. యూజర్ వివరాలు ఇచ్చే యూజర్‌డీబీ (యూజర్ల డేటాబేస్) నుంచి 'ఏసీఎల్ గ్రూప్స్' అనే ఫీల్డ్ రావాలి (ఏసీఎల్ అంటే ఎవరికి ఏ హక్కో రాసి ఉండే అనుమతుల జాబితా), అందులో గ్రూపుల పేర్లు కామాలతో ఉండాలి. అది వస్తోందో లేదో డవ్‌కాట్‌తో వచ్చే 'డవ్‌అడ్మ్ యూజర్' కమాండ్‌కు ఆ మనిషి మెయిల్ ఐడీ ఇస్తే తెలుస్తుంది. ఆ వరసే లేకపోతే అనుమతుల ఫైలులో ఎంత వెతికినా దండగ. డేటాబేస్‌లో సరిచేశాక కూడా పాతదే చూపిస్తుంటే ఆథ్ క్యాష్ (డవ్‌కాట్ గుర్తుపెట్టుకున్న పాత యూజర్ వివరాలు) ఫ్లష్ చేసి, మెయిల్ మూసి మళ్లీ లాగిన్ అవ్వమనండి.

గ్రూపు సరిగ్గానే వస్తోందా? అయితే 'డవ్‌అడ్మ్ ఏసీఎల్ డీబగ్' నడపండి. మైనస్ యూ తర్వాత ఇబ్బంది పడుతున్న మనిషి ఐడీ ఇవ్వాలి, ఫోల్డర్ ఓనర్‌ది కాదు. ఫోల్డర్ పేరు కూడా అతనికి కనిపించాల్సిన రూపంలోనే, ముందున్న 'షేర్డ్' భాగంతో సహా రాయాలి. ఆ మనిషికి ఏయే హక్కులున్నాయో, ఫోల్డర్ అతని లిస్టులో వస్తుందో రాదో అదే చెప్పేస్తుంది. వస్తుందని చెబితే ఇక సర్వర్ జోలికి పోవద్దు. అతను మెయిల్ చూసే థండర్‌బర్డ్ ప్రోగ్రామ్‌లో ఆ ఫోల్డర్‌కు సబ్‌స్క్రైబ్ చేయించండి.

హక్కులు లేవంటే ఎక్కువగా రెండు కారణాలు. మొదటిది, ఆ మనిషి పేరు మీద విడిగా ఒక యూజర్ వరస ఎప్పుడో రాసి ఉండటం. గ్రూపు వరస కంటే యూజర్ వరసదే పైచేయి. రెండోది నన్ను ప్రతి సీజన్లో ఏడిపించేది. కొత్త ఫోల్డర్ చేసినప్పుడు పై ఫోల్డర్ అనుమతులు దానికి కాపీ అవుతాయి, అంతే. తర్వాత పైదాన్ని మార్చినా కిందివి మారవు. కొనుగోళ్లు అనే ఫోల్డర్‌లో మిల్లుకొకటి ఉంటే ఆ నాలుగింటికీ విడివిడిగా 'డవ్‌అడ్మ్ ఏసీఎల్ సెట్'తో అనుమతులు ఇవ్వాల్సిందే.

ఇంకొకటి. అనుమతుల ఫైలును రూట్‌గా (సర్వర్ మొత్తం మీద అధికారం ఉన్న యూజర్‌గా) లాగిన్ అయి చేత్తో దిద్దితే ఓనర్ రూట్ అయిపోవచ్చు, అప్పుడు డవ్‌కాట్ దాన్ని చదవలేదు. లాగ్‌లో 'పర్మిషన్ డినైడ్' అని పడితే ముందు ఆ ఫైలు ఎవరి పేర ఉందో చూడండి. మా దగ్గర అది వీమెయిల్ అనే యూజర్ పేర ఉండాలి.

లారీలు గేటు దగ్గర ఆగిపోయాయని ఫోన్ మీద ఫోన్ వస్తుంటే టెన్షన్‌లో 'ఎనీవన్' అని అందరికీ తెరిచేయాలనిపిస్తుంది. నేనూ ఒకసారి తెరిచాను, పని నడిచింది. ఆ వరసను 'ఏసీఎల్ డిలీట్'తో తీసేయడం మరిచాను. వానాకాలం వడ్లు వచ్చేనాటికి ఆ ఫోల్డర్ కింద కొత్తగా చేసిన జీతాల ఫోల్డర్‌కూ అదే కాపీ అయి, నాలుగు మిల్లులవాళ్లూ ఒకరి జీతం ఒకరు చూసుకున్నారు.