డ్రిప్ పుస్తకాన్ని రైతు చదివేలా తిరగరాశాను

నల్గొండ జిల్లాలో బత్తాయి తోటకు డ్రిప్ బిగిస్తే ఒక చిన్న పుస్తకం కూడా ఇస్తారు. మా వైపు చాలా ఇళ్లలో అది తెరవకుండానే అటక ఎక్కేది. బోరు నీటిలో సున్నం ఎక్కువైతే, చుక్కచుక్కగా నీళ్లు వదిలే డ్రిప్పర్లు పూడుకుపోతాయి, చెట్టు ఎండుతుంది. అందుకే దాన్ని తిరగరాసే పని నెత్తికెత్తుకున్నాను.

పరికరాల వర్ణనంతా వెనక్కి నెట్టాను. రైతు పుస్తకం తెరిచేది ఏదో చెడినప్పుడే కదా! ఇప్పుడు ప్రతి పేజీ కంటికి కనబడేదానితో మొదలవుతుంది: ‘ఫిల్టరుకు ముందు, తర్వాత ఉన్న ఒత్తిడి గేజీల మధ్య తేడా 0.5 కిలోలు దాటితే జాలీ తీసి కడగండి.’ పక్కనే ఆ రెండు గేజీల ముళ్ల బొమ్మ.

అసలు ప్రమాదం, పేరుకున్న సున్నాన్ని కరిగించే యాసిడ్ శుద్ధి దగ్గర. పాత పుస్తకంలో జాగ్రత్తలన్నీ పేజీ అడుగున ఉండేవి. చదువుతూ చేసే మనిషి అక్కడికి చేరేసరికి పని అయిపోతుంది. అందుకే తొడుగులు, కళ్లద్దాల మాట అన్నిటికంటే పైన పెట్టాను. ఆ వెంటనే: ‘ప్లాస్టిక్ బకెట్‌లో ముందు నీళ్లు పోయండి. ఆ నీళ్లలో యాసిడ్ కొద్దికొద్దిగా పోయండి. యాసిడ్‌లో నీళ్లు ఎప్పుడూ పోయవద్దు.’ ఒక వాక్యానికి ఒకే పని.

ముసాయిదాను ఒక పెద్దాయన చేతికిచ్చి, పక్కన మాట్లాడకుండా నిలబడ్డాను. ‘యాసిడ్ నీళ్లు పైపుల్లో 24 గంటలు ఉంచండి’ దగ్గర ఆగి, “అంతసేపూ మోటారు నడవాలా బాబూ?” అని అడిగారు. అక్కడే ‘మోటారు ఆపి’ అని చేర్చాను. మర్నాడు పైపుల చివరి మూతలు తీసి, నీరు తేటగా వచ్చేదాకా వదలాలనీ రాశాను.