వయొలిన్ ఫైన్ ట్యూనర్ మొరాయిస్తే ఏం చేయాలి?

బరంపురంలో వానలు మొదలైతే చాలు, పిల్లలు వయొలిన్ పెట్టె పట్టుకొని వచ్చి "మాస్టారూ, ట్యూనర్ తిరగట్లేదండీ" అంటారు. ఫైన్ ట్యూనర్ అంటే తీగ శ్రుతిని కొద్దికొద్దిగా సరిచేసే చిన్న స్క్రూ పరికరం. గోపాల్‌పూర్ సముద్రం ఇక్కడికి సుమారు 15 కిలోమీటర్లే. ఆ ఉప్పుగాలికి చిన్న స్క్రూలు తుప్పు పడతాయి, తేమకు, తీగలు చుట్టే చెక్క బిరడాలు ఉబ్బి బిగుసుకుంటాయి. బిరడా తిప్పడం కష్టమై పిల్లలు శ్రుతి భారమంతా ట్యూనర్ మీదే వేస్తారు. నా దగ్గరికి వచ్చిన వాటిలో నిజంగా పాడైనవి తక్కువ. చివరిదాకా బిగించేసినవే ఎక్కువ.

కాబట్టి ముందు స్క్రూ ఎక్కడుందో చూడండి. దాని తల టెయిల్‌పీస్‌కు (తీగల కింది చివరలు తగిలించే ముక్కకు) ఆనుకుపోతే అది ఇంక దిగదు, బలవంతం చేస్తే మర అరిగిపోతుంది. వయొలిన్‌ను వెలుతురులో పక్కకి వంచి టెయిల్‌పీస్ కింద ఫోన్ టార్చ్ వేయండి. స్క్రూ దిగేకొద్దీ లోపలి మీట కిందికి వస్తుంది. అది పైపలకను తాకితే వార్నిష్ మీద గోరుతో గీరినట్టు గీత పడుతుంది. ఒక శిష్యురాలి వయొలిన్ మీద అలాంటి గీత చూసి నాకు ప్రాణం ఉసూరుమంది. మీటకూ పలకకూ మధ్య విజిటింగ్ కార్డు సులువుగా దూరాలి. దూరకపోతే వాయించడం ఆపి వెంటనే స్క్రూ వదులు చేయండి.

ఇప్పుడు స్క్రూను ఎడమవైపు తిప్పుతూ పైకి తీయండి. పూర్తిగా ఊడిరానివ్వకండి, సగం దాకా చాలు. తీగ శ్రుతి దిగుతుంది, కంగారు పడకండి. బిరడాను లోపలికి నొక్కుతూ కొంచెం కొంచెంగా తిప్పి, కావలసిన స్వరానికి వెంట్రుకవాసి కిందికి తెచ్చి ఆపండి. సన్న స్టీలు తీగ తెగితే చురుక్కుమని తగులుతుంది, ముఖం దూరంగా పెట్టుకోండి. బిరడాతో బిగించినప్పుడు బ్రిడ్జి (తీగలను ఎత్తి పట్టే చెక్క ముక్క) పైభాగం వేళ్లు నొక్కే పలక వైపు వంగుతుంది. రెండు చేతులతో పట్టుకొని నిటారుగా సర్దండి. మిగిలిన ఆ కాస్త శ్రుతి ట్యూనర్‌తో కలపండి. దాని పని అంతే.

స్క్రూ మధ్యలోనే ఉన్నా బిగుసుకుపోయిందా? తీగ వదులు చేసి స్క్రూ బయటికి తీయండి, స్క్రూ మర మీది తుప్పు పాత టూత్ బ్రష్‌తో దులిపి, మెత్తటి పెన్సిల్ ముల్లు రుద్దండి. నూనె మాత్రం వద్దు, చెక్కలోకి ఇంకితే మరక పోదు.

ట్యూనర్ తిప్పినా స్వరం కదలక, ఉన్నట్టుండి టక్కున ఎగిరితే తప్పు ట్యూనర్‌ది కాదు. తీగ బ్రిడ్జి గాడిలో పట్టుకుంటోంది. ఆ గాడిలోనూ పెన్సిల్ రుద్దండి. వాయిస్తుంటే జుయ్యిమని చప్పుడొస్తే ట్యూనర్‌ను టెయిల్‌పీస్‌కు పట్టి ఉంచే గుండ్రటి నట్టు వదులైందేమో చూసి వేళ్లతో బిగించండి. స్క్రూ మరీ పైకి వచ్చేసినా ఇలాగే మోగుతుంది.

కొత్త తీగ పదే పదే కొక్కెం దగ్గరే తెగుతుంటే అక్కడ పదునైన అంచు ఉన్నట్టు. సన్న ఎమరీ కాగితంతో నునుపు చేస్తే సరిపోతుంది.

మర అరిగి స్క్రూ ఊరికే తిరుగుతుంటే మాత్రం కొత్తది వేయాల్సిందే. షాపుకు పాత ట్యూనర్‌నీ, తీగ చివరనీ చూపించండి. తీగకు చివర గుండు ఉంటే రెండు కొమ్ముల ట్యూనర్, ఉచ్చు ఉంటే ఒంటి కొక్కెం. మార్చేటప్పుడు ఆ ఒక్క తీగే విప్పండి. నాలుగూ ఒకేసారి వదులు చేస్తే బ్రిడ్జి పడిపోతుంది, లోపల నిలబెట్టిన చిన్న కర్ర, సౌండ్ పోస్ట్ కూడా జారిపోవచ్చు. దాన్ని తిరిగి నిలబెట్టడం ఇంట్లో అయ్యే పని కాదు.