కాఫీ పిప్పి కంపోస్టు: కంపు ఎక్కడ మొదలవుతోంది?

కంపోస్టు డ్రమ్ము వాసనొస్తే చాలామంది డ్రమ్మునే కడుగుతారు. నేనూ కడిగాను. గొడవ సగం, డికాషన్ దిగాక మిగిలే పిప్పి కోసం హోటల్లో మనం పెట్టిన బకెట్ దగ్గరే మొదలవుతోందని ఆలస్యంగా తెలిసింది.

సమస్య: బకెట్ తెరిస్తే పేపర్ కప్పులు, పాల ప్యాకెట్ మూలలు, బీడీ ముక్కలు

కారణం: బకెట్ చేతులు కడుక్కునే చోట ఉంది. అక్కడ పెడితే అందరికీ అది చెత్తబుట్టే. మనమేమో గల్లాపెట్టె దగ్గర కూర్చున్న ఓనర్ని అడిగి సంతోషంగా వచ్చేస్తాం. ఫిల్టర్ దులిపేది కాఫీ మాస్టరు కదా!

పరిష్కారం: ఆయనతో మాట్లాడండి. మా వీధి చివర టిఫిన్ సెంటర్ మాస్టరు మొహం మీదే అన్నాడు: "ఒకరోజొచ్చి నాలుగు రోజులు రాకపోతే ఈ కంపు నేనెక్కడ పెట్టుకోను సార్?" అప్పటినుంచి టిఫిన్ల హడావిడి తగ్గాక, రోజూ పదిన్నరకి వెళ్తున్నాను. మూతలున్న పాత పెయింట్ బకెట్లు రెండు ఉంచుకున్నాను. నిండింది తెచ్చుకుని, కడిగింది ఫిల్టర్ పక్కనే పెట్టి వస్తాను. పేపర్ కప్పుల లోపల ప్లాస్టిక్ పూత ఉంటుంది, కాబట్టి అవి వస్తే ఏరి పారేయాల్సిందే.

సమస్య: పుల్లటి వాసన, చీమలు, ఈగలు

కారణం: మీరు తెచ్చింది టీ పిప్పి అయ్యుంటుంది. టీ బండి మీద పాలు, చక్కెర, అల్లం, టీపొడి అన్నీ ఒకే గిన్నెలో మరుగుతాయి. వడగట్టినా పిప్పిలో పాలు మిగిలి పులుస్తాయి. ఫిల్టర్ కాఫీకి డికాషన్ వేరుగా దిగుతుంది కాబట్టి పిప్పికి పాలచుక్క తగలదు. పొడిలో చికోరీ కలిసినా భయం లేదు, అదీ ఒక మొక్క వేర్ల పొడే.

పరిష్కారం: వీలైతే కాఫీ పిప్పే తెచ్చుకోండి. టీ పిప్పి తప్పదంటే పాత లుంగీ గుడ్డలో మూటకట్టి, కుళాయి కింద రెండుసార్లు పిండి, గోనె మీద ఒక పూట ఎండబెట్టండి.

సమస్య: పదిరోజులైనా డ్రమ్ము వేడెక్కదు, ముద్దకట్టి కుళ్లిన గుడ్ల కంపు

కారణం: రంగు చూసి మోసపోవడం. గోధుమరంగులో ఉంది కదా అని పిప్పిని ఎండుటాకుల్లో జమ కడతాం. కానీ దాంట్లో కర్బనం, నత్రజని నిష్పత్తి దాదాపు 20:1. ఎండుటాకుల్లో అది 40:1 నుంచి 80:1 దాకా ఉంటుంది. అంటే పిప్పిలో నత్రజని ఎక్కువ, అది కూరగాయల తొక్కల లెక్కలోకి వస్తుంది. పైగా సన్న రవ్వ, తడిస్తే గాలి చొరనివ్వదు. నేను మొదటిసారి జానెడు మందాన ఒకేసారి పోసేశాను. పన్నెండో రోజు తాపీతో కదిపితే హల్వా ముక్కలా గడ్డగా లేచింది. లోపల నల్లగా, చల్లగా ఉంది.

పరిష్కారం: ఒక మగ్గు పిప్పికి ఎండుటాకులు, తొక్కలు కలిపి నాలుగు మగ్గులు. అందులో ఆకులదే పెద్ద వాటా ఉండాలి. పొరలు పొరలుగా వేయకుండా కలిపేయండి. గుప్పిట పట్టి పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ధార కారితే ఎండుటాకులు గానీ కొబ్బరి పీచు గానీ ఇంకాస్త వేయండి. మూడు నాలుగు రోజులకోసారి తిరగేస్తుంటే గాలి ఆడి, లోపల చెయ్యి పెడితే వెచ్చగా తెలుస్తుంది. వానాకాలంలో ఎండుటాకు దొరకడం గగనం. ఫిబ్రవరి, మార్చిల్లో వేపాకు రాలేటప్పుడే గోనెసంచుల్లో దాచుకోండి. నా మట్టుకు, ఆకుల సంచి ఖాళీ అయిన రోజు పిప్పి బకెట్ ఇంటికి తేను.

సమస్య: పిప్పి మీద తెల్లటి, పచ్చటి బూజు

టెన్షన్ వద్దు. బూజు దాని పని అది చేస్తోంది, కలిపేయండి. ఎండిన బూజు దుమ్ము ముక్కులోకి పోకుండా మాత్రం గుడ్డ కట్టుకోండి.

సమస్య: కుండీలో నేరుగా చల్లితే నీళ్లు ఇంకట్లేదు, నారు ఎదగట్లేదు

కారణం: పిప్పి ఎండి అట్టకట్టింది. పోసిన నీళ్లు అంచుల్నుంచి జారిపోతాయి. మిగిలిన కెఫీన్ లేత మొలకల్ని ఎదగనివ్వదు. "కాఫీ పిప్పిలో ఆమ్లం ఎక్కువ, గులాబీలకి మంచిది" అని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది గానీ, ఆమ్లం చాలావరకు డికాషన్‌లోకే దిగిపోతుంది.

పరిష్కారం: ఆ అట్టని గీకి డ్రమ్ములో వేసేయండి. నారు ట్రేలోకి బాగా మగ్గి మట్టి వాసనొచ్చే కంపోస్టే వాడండి, అదీ జల్లెడ పట్టి. ఇంట్లో కుక్క ఉంటే బకెట్ మూత గట్టిగా బిగించండి, కెఫీన్ దానికి విషం.