సిరా పెన్ను, మన చేతిరాత – మూడో పాఠం: కొనే ముందు ‘పాఠం’ అని రాసి చూడండి

పోయిన పాఠంలో పాత పెన్నును విప్పి, చన్నీళ్లతో కడిగి, ఆరబెట్టి, మళ్లీ బిగించాం. పాళీ ఏదో, దాని కింద అంటిపెట్టుకుని ఉండే నాలుక ఏదో, సిరా నిలవుండే గొట్టం ఏదో ఇప్పుడు మీ వేళ్లకు తెలుసు. ఈ పాఠానికి ఇంట్లో కూర్చుంటే కుదరదు. దుకాణానికి వెళ్లాలి.

విజయనగరంలో గంటస్తంభానికి కొంచెం దూరంలో నేను ఎప్పుడూ వెళ్లే దుకాణం ఒకటుంది. ముందు భాగమంతా నోటుపుస్తకాలు, జామెట్రీ బాక్సులు. లోపల అద్దాల బీరువా నిండా మాత్రం సిరా పెన్నులే. కొత్త సరుకు దిగిందని దుకాణం పెద్దాయన కబురు చేస్తే, డిగ్రీ చదువుతున్న మా మేనకోడల్ని వెంటబెట్టుకుని వెళ్లాను. ఆయన బల్ల మీద మెత్తని గుడ్డ పరిచి ఒక్కొక్కటే పెట్టారు. రాజమండ్రిలో చేసిన నల్లటి ఎబొనైట్ (గట్టి రబ్బరు) పెన్నులు, జర్మనీ వాళ్ల లామీ, జపాన్ వాళ్ల పైలట్. పక్కనే సిరాబుడ్లు: క్యామెల్, సులేఖ, పైలట్ వాళ్ల ఇరోషిజుకు, ఇంకా లోపల బంగారు రజను తేలే మెరుపు సిరాలు రెండు.

పిల్ల కళ్లు వెంటనే ఒక నీలం పెన్ను మీద పడ్డాయి. పాళీ మీద ‘ఎం’ అని ఉంది, అంటే మీడియం. సిరాలో ముంచి, తన పేరు ఇంగ్లీషులో సంతకంలా రాసి, “ఇది తీసుకుందాం మావయ్యా, భలే జారుతోంది” అంది.

ఈ పాఠం అసలు అక్కడ మొదలవుతుంది. సంతకంతో పెన్నుకు పరీక్ష పెట్టకూడదు. సంతకం మన చేతికి ఎంత అలవాటంటే, పెన్ను ఎలా ఉన్నా చెయ్యి సర్దుకుపోతుంది. పైగా మీరు ఆ పెన్నుతో రోజూ రాయబోయేది తెలుగైతే, తెలుగుతోనే దాన్ని అడగాలి. “పాఠం అని రాయి, నువ్వు నోట్సు రాసే సైజులోనే రాయి” అన్నాను. రాసింది. ‘ఠ’ కడుపులో ఉండాల్సిన చుక్క కనబడలేదు. సిరా నిండిపోయి నల్లటి గుండు మిగిలింది. తర్వాత ‘కథ’ రాయమన్నాను. అదీ అంతే. ‘థ’కీ ‘ధ’కీ తేడా ఆ లోపలి చుక్క ఒక్కటే కదా, అది మూసుకుపోతే కథ కాస్తా ‘కధ’ అయి కూర్చుంది.

నా మొదటి జీతంతో కొన్న పెన్నును నేనూ సంతకం చేసే కొన్నాను. అది లావు పాళీ. దాంతో అమ్మకు రాసిన ఉత్తరం చదవలేక పక్కింటివాళ్ల చేత చదివించుకుందని తర్వాత తెలిసింది. ఆ సంగతి ఇప్పటికీ నాకు బాధగానే ఉంటుంది. అందుకే ఈ ఒక్క విషయం ఇంత సాగదీసి చెబుతున్నాను.

పాళీ సైజుల లెక్క ఇలా పెట్టుకోండి. పాశ్చాత్య దేశాల పాళీల్లో ‘ఎఫ్’ అంటే సన్నం, గీత సుమారు అర మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూ పడుతుంది. ‘ఎం’ దానికంటే లావు, ‘ఈఎఫ్’ ఇంకా సన్నం. జపాన్ పాళీలు మాత్రం అదే అక్షరం మీద దాదాపు ఒక మెట్టు సన్నగా రాస్తాయి. అందుచేత పైలట్ ‘ఎం’ను లామీ ‘ఎఫ్’ పక్కన పెట్టి చూస్తే పెద్ద తేడా కనిపించదు. చిన్న అక్షరాలతో తెలుగు రాసేవాళ్లకు సన్నపాళీయే నా సలహా. వ్రాత పెద్దదైతే, గీతకూ గీతకూ ఎడం ఎక్కువున్న పుస్తకం వాడితే, మీడియం పాళీ అందంగానే ఉంటుంది.

రాసి చూడాల్సిన మాటలు నా దగ్గర నాలుగున్నాయి. ‘పాఠం’, ‘కథ’ ఎందుకో చూశాం. మూడోది ‘స్వాతంత్ర్యం’. అందులో వత్తు కింద వత్తు దిగుతుంది. ఆ కిందివి ఒకదాన్నొకటి కరుచుకోకుండా విడివిడిగా కనిపిస్తే పాళీ మీ చేతికి సరిపడా సన్నంగా ఉన్నట్టు. నాలుగోది ‘గగనం’. దీని సంగతి కొంచెం వివరంగా చెప్పాలి.

పాళీని మనవైపు లాగుతూ గీసే గీత ఎప్పుడూ మెత్తగానే వస్తుంది. ఎంత నాసిరకం పాళీ అయినా లాగితే రాస్తుంది. ఎదురు తోసేటప్పుడే దాని గుణం బయటపడుతుంది. ‘గ’ రాసేటప్పుడు ఎడమవైపు కింద మొదలుపెట్టి పైకి తోస్తాం, వంపు తిప్పి కుడివైపు దించుతాం. ఆ మీద తలకట్టు. అదీ చివర పైకి ఎగిసే గీతే. తెలుగులో ఒక పేజీ రాస్తే వందల తలకట్లు పడతాయి. అంటే వందలసార్లు పాళీని ఎదురు తోస్తున్నామన్నమాట. కాబట్టి ‘గగనం’ అయిదారుసార్లు గబగబా రాయండి. తలకట్టు దగ్గర కాగితం గీరుకున్నట్టు అనిపిస్తే ఆ పాళీ మొనలో ఏదో లోపముంది.

మా పిల్ల రెండో పెన్నుతో అలా రాస్తూ, “ఇదేటి మావయ్యా, ఇసకలో గీసినట్టుంది” అంది. దుకాణం పెద్దాయన ముందుకు వంగి, “తల్లీ, నువ్వు బాల్‌పెన్నుని నొక్కినట్టు నొక్కుతున్నావు. దాని బరువుకే దాన్ని ఒగ్గీ. మళ్లీ రాయి” అన్నారు. చెయ్యి తేలిక చేసి రాసింది. అయినా గీరుడు పోలేదు. ఆయన గడియారాలు బాగుచేసేవాళ్ల భూతద్దం తీసి ఇచ్చారు. పాళీ మొనను ఎదురుగా పెట్టి చూస్తే, మధ్య చీలికకు అటూ ఇటూ ఉన్న రెండు రెక్కల్లో ఒకటి వెంట్రుకవాసి పైకి లేచి ఉంది. ఆయన మారుమాట లేకుండా ఆ పెన్ను పక్కన పెట్టేశారు. ఇలా చూడనివ్వని దుకాణంలో ఖరీదైన పెన్ను కొనకండి.

మరో లోపం గీరదు, అందుకే తొందరగా దొరకదు. మొనను అతిగా మెరుగుపెడితే చీలిక అంచులు లోపలికి గుండ్రంగా తిరిగిపోతాయి, సిరా కాగితాన్ని అందుకోదు. రాయడం వెన్నలా ఉంటుంది, కానీ మాట మొదట్లో సగం అక్షరం పడదు. దీన్ని పట్టుకోవాలంటే ఒక మాట రాసి, పెన్ను ఎత్తి, నాలుగు సెకన్లు ఆగి, ఇంకో మాట రాయాలి. పది మాటల్లో రెండుసార్లు తప్పినా వద్దనుకోండి.

ఇంకొక జాగ్రత్త. దుకాణంలో పెన్నులో సిరా నింపరు, పాళీని ముంచి ఇస్తారు. ముంచిన పాళీ, నాలుక రెండూ సిరాతో తడిసిపోయి ఉంటాయి కాబట్టి ఏ పెన్నైనా మొదటి రెండు వరసలూ ధారగా రాస్తుంది. అది చూసి మురిసిపోకండి. పాళీని గుడ్డకు అద్ది, ఆరేడు వరసలు రాసిన తర్వాత వచ్చే గీతే ఇంట్లో మీరు చూడబోయే గీత. మీ కాగితం మీరే పట్టుకెళ్లండి. దుకాణంలో ఇచ్చే నున్నటి కాగితం మీద ప్రతి పెన్నూ బాగానే ఉంటుంది.

బంగారు పాళీ గురించి అడిగేవాళ్లుంటారు. 14 క్యారట్ల పాళీలో బంగారం 58.5 శాతం. కానీ కాగితాన్ని తాకేది బంగారం కాదు, మొన మీద అతికించిన గట్టి మిశ్రలోహపు గుళిక. ఉక్కు పాళీల్లో చాలావాటికీ అదే ఉంటుంది. నేర్చుకునేవాళ్లకు ఉక్కు చాలు.

ఇక పెన్ను లోపలి సంగతి. రాజమండ్రి పెన్నుల్లో చాలావరకు గొట్టంలోకే డ్రాపర్‌తో సిరా పోసుకునే రకం. అక్కడ రత్నం పెన్నుల తయారీ 1932లో మొదలైంది, గాంధీజీ మెచ్చుకుంటూ రాసిన ఉత్తరం 1935 నాటిది. ఎబొనైట్ అంటే గంధకం ఎక్కువ కలిపి గట్టిపరచిన రబ్బరు. చేతిలో వెచ్చగా, తేలిగ్గా ఉంటుంది. ఎండలో వదిలేస్తే నలుపు విరిగి గోధుమరంగుకు దిగుతుంది, వేణ్ణీళ్లలో అసలు నానబెట్టకూడదు. నాకు ఈ పెన్నులంటే ప్రాణం. చేత్తో లేతు మీద తిప్పి చేసిన వస్తువు అని పట్టుకోగానే తెలుస్తుంది. రెండు మూడు మిల్లీలీటర్ల సిరా పడుతుంది. అదే కన్వర్టర్, అంటే సిరా పీల్చుకునే చిన్న గొట్టం, ఉన్న పెన్నుల్లో చాలావాటికి ఒక్క మిల్లీలీటరు కూడా పట్టదు.

కానీ డ్రాపర్ పెన్నుకు ఒక మెలకువ తెలియాలి. సిరా కిందికి దిగాలంటే అంత గాలి పైకి ఎక్కాలి. ఆ ఇచ్చిపుచ్చుకోవడం సరిగ్గా జరిగేలా నాలుకలో సన్నటి గాడులు పెట్టి లూయిస్ వాటర్‌మన్ అనే పెన్నుల తయారీదారు 1884లో అమెరికాలో పేటెంటు తీసుకున్నాడు. గొట్టంలో సిరా తగ్గేకొద్దీ గాలి పెరుగుతుంది. ఆ గాలి చేతి వేడికో, ఎండకో వ్యాకోచించి సిరాను ముందుకు నెడుతుంది. అప్పుడే పెన్ను కక్కుతుంది. ఓ మే నెలలో శ్రీకాకుళం నుంచి బస్సులో వస్తూ, అడుగున కాస్త సిరా ఉన్న పెన్నును జేబులో పెట్టుకున్నాను. దిగేసరికి గుండె మీద అరచేయంత నీలి మరక. అది ఒకప్పుడు మా నాన్న తొడుక్కున్న పొందూరు ఖద్దరు చొక్కా. మరక పోలేదు. అప్పటినుంచి గొట్టంలో మూడో వంతు మిగలగానే నింపేస్తాను, ప్రయాణంలో పాళీ పైకి ఉండేలా పెట్టుకుంటాను. పాళీ భాగాన్ని గొట్టానికి బిగించే మర దగ్గర సిలికాన్ గ్రీజు పలచగా రాస్తే అక్కడినుంచి ఊరదు.

సిరాల దగ్గరికి వద్దాం. మా పిల్ల చెయ్యి నేరుగా మెరుపు సిరా మీదికి వెళ్లింది. వద్దనలేదు గానీ, బుడ్డిని వెలుగుకు ఎత్తి చూపించాను. బంగారు రజను అడుగున పేరుకుని ఉంది. పెన్నులో కూడా అలాగే పేరుకుంటుంది. సన్నపాళీలో పూడుకుపోతుంది. పండగకు కార్డులు రాసుకోవడానికి లావుపాళీ పెన్ను విడిగా ఉన్నప్పుడు కొనుక్కోవచ్చు.

మొదటి సిరాగా నీళ్లలో కరిగే మామూలు రంగు సిరానే కొనండి. మామూలు రాయల్ బ్లూ నీళ్లు తగిలితే చెదిరిపోతుంది, కానీ ఆ గుణమే పెన్నుకు మేలు. ఎండి గట్టిపడినా చన్నీళ్లతో కడుక్కుపోతుంది. సులేఖ సిరాల గురించి మా పిల్లకు చెప్పాను. స్వదేశీ ఉద్యమం రోజుల్లో, 1934లో, ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉన్న రాజ్‌షాహీలో మొదలైన సిరా అది. పేరుకు అర్థం మంచి రాత.

ఎక్కువ కాలం నిలవాల్సిన కాగితాలకు వేరే రకాలున్నాయి. ఒకటి సన్నటి రంగుపొడి కలిసిన పిగ్మెంట్ సిరా. నీళ్లకు చెదరదు, అయితే పెన్నులో ఎండిపోతే వదిలించడం కష్టం. ఇంకొకటి ఇనుపసిరా. చెట్ల కాయల వగరూ, ఇనుప లవణమూ కలిస్తే వచ్చే నలుపు అది. రాసినప్పుడు పలచగా ఉండి, గాలి తగిలాక ముదురుతుంది. మన మన్యం కొండల్లో ఏరే కరక్కాయలో ఉన్నదీ ఆ వగరే. కలంకారీ వాళ్లు కరక్కాయ పట్టించిన గుడ్డ మీద ఇనుము నానబెట్టిన నీళ్లతో నల్ల గీత తెప్పించడం ఈ సూత్రం మీదే. అలాగని ఇంట్లో కరక్కాయ సిరా కాచి పెన్నులో పోయకండి. మడ్డి నాలుకను మూసేస్తుంది. పెన్నుల కోసమే చేసిన ఇనుపసిరాలో పులుపు తక్కువ, అయినా నెలకోసారి కడగాల్సిందే. బొమ్మలు వేసే ఇండియన్ ఇంకు మాత్రం చుక్క కూడా పెన్నులోకి పోకూడదు. అందులోని లక్క ఎండితే పెన్ను పోయినట్టే.

ఆరే సమయం కూడా చూడండి. వానాకాలంలో, అందులోనూ కళింగపట్నం, భీమిలి లాంటి సముద్రపొడ్డు ఊళ్లలో, సిరా నెమ్మదిగా ఆరుతుంది. చిన్నప్పుడు బళ్లో సుద్దముక్కను వరస మీద దొర్లించి తడి పీల్పించేవాళ్లం. ఇప్పటికీ అద్దుడు కాగితం దొరకనప్పుడు అదే వాడతాను.

చివరికి మా పిల్ల సన్నపాళీ ఉన్న ఎబొనైట్ పెన్ను, రాయల్ బ్లూ బుడ్డి తీసుకుంది. ‘పాఠం’లో చుక్క స్పష్టంగా కనిపించిన పెన్ను అదే.

ఈ వారం మీ పని ఇది. మీరు రోజూ వాడే నోటుపుస్తకంలో ఒక పేజీ తీసుకుని నాలుగు మాటలూ అయిదేసిసార్లు రాయండి. పక్కన పెన్ను పేరు, పాళీ సైజు, సిరా, తేదీ వేయండి. చివరి వరస రాయగానే వేలితో రుద్ది, ఎన్ని సెకన్లకు అంటుకోవడం మానిందో లెక్కపెట్టి రాయండి. కాగితం తిరగేసి సిరా అవతలికి దిగిందేమో, అక్షరాల అంచులు చెట్టు వేళ్లలా పాకాయేమో చూడండి. ఒక రోజంతా ఆగి, ఒక మాట మీద చుక్క నీళ్లు వేసి ఆరనివ్వండి. ఆ పేజీ చింపకుండా ఉంచుకోండి. నాలుగో పాఠంలో కాగితాన్ని ఎంచుకోవడం దానితోనే మొదలుపెడతాం.